ఎల్‌ఈడీ బల్బు మిణుకుమంటోందా? తప్పు ఎక్కడుందో ఆ మిణుకే చెబుతుంది

ఎల్‌ఈడీ బల్బు మిణుకుమనగానే ఎక్కువమంది చేసే పని దాన్ని తీసి కొత్తది పెట్టడం. కొన్నిసార్లు దాంతో సరిపోతుంది. సరిపోనప్పుడు మాత్రం రెండో బల్బు, మూడో బల్బు కూడా అదే దారి పడతాయి. ఈలోగా స్విచ్ బోర్డులోనో వైర్లు కలిసే జంక్షన్ బాక్సులోనో ఉన్న అసలు తప్పు ముదురుతూ ఉంటుంది. బల్బు ఎప్పుడు మిణుకుమంటోంది, ఎలా మిణుకుమంటోంది, ఆ సమయంలో ఇంట్లో ఇంకేం నడుస్తోంది అన్నవి గమనిస్తే, స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోకముందే తప్పు ఏ చోట ఉందో చాలావరకు తేలిపోతుంది. ఒకటి రెండు రోజులు ఓపిగ్గా గమనిస్తే ఆ తర్వాత అనవసరంగా బోర్డులన్నీ విప్పే పని తప్పుతుంది.

పాత బల్బుకు లేని గోల దీనికెందుకు అన్నది అందరికీ వచ్చే ప్రశ్న. 60 వాట్ల ఫిలమెంటు బల్బు 230 వోల్టుల దగ్గర సుమారు 0.26 ఆంపియర్లు తీసుకుంటుంది. అందులోని తీగ విపరీతమైన వేడిలో వెలుగుతుంది కాబట్టి కరెంటు ఒక్క క్షణం తగ్గినా ఆ వేడి వెంటనే పడిపోదు, కంటికి తేడా తెలియదు. స్విచ్ ఆపాక వైరులో అర మిల్లీ ఆంపియరు పారినా ఆ తీగ వెచ్చబడదు కూడా. ఎల్‌ఈడీ సంగతి వేరు. 9 వాట్ల బల్బు తీసుకునేది, పవర్ ఫ్యాక్టర్‌ను (తీసుకున్న కరెంటులో ఎంత భాగం పనికొస్తుందో చెప్పే కొలతను) బట్టి, 0.04 నుంచి 0.08 ఆంపియర్లే. అందులో వెలుగునిచ్చే చిప్‌కు వేడిని దాచుకునే గుణం లేదు. కరెంటు ఆగితే వెలుగూ ఆగుతుంది. మిల్లీ ఆంపియరులో చిన్న భాగం పారినా చీకట్లో కనిపించేంతగా వెలుగుతుంది. అందుకే వైరింగ్‌లో ఏళ్ల తరబడి దాగి ఉన్న లోపాలు ఎల్‌ఈడీ పెట్టాకే బయటపడతాయి. బల్బు వాటిని పుట్టించలేదు, చూపిస్తోందంతే.

ముందు తీరు చూడాలి

మొదటి పరీక్షకు పనిముట్లేమీ అక్కర్లేదు. మిణుకుమంటున్న బల్బును బాగా పనిచేస్తున్న మరో హోల్డర్‌లో పెట్టాలి, అక్కడి మంచి బల్బును ఇక్కడ పెట్టాలి. మిణుకు బల్బుతో పాటే వెళ్లిపోతే తప్పు బల్బుది. మిణుకు పాత చోటే ఉండిపోతే హోల్డర్, స్విచ్, వైరు అనే మూడింటిలో ఒకటి. మార్చే ముందు స్విచ్ ఆపడం చాలదు, ఆ సర్క్యూట్ ఎంసీబీ (కరెంటు పరిమితి మించితే తనంతట తాను పడిపోయే స్విచ్) కూడా దించాలి. ఎందుకో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) గురించి చెప్పే చోట తెలుస్తుంది.

ఒక్క బల్బు కాకుండా ఒకే బోర్డు మీది రెండు మూడు లైట్లు కలిసి మిణుకుమంటే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న జాయింటును వెతకాలి. ఇల్లంతా మిణుకుమంటే మెయిన్ దగ్గరో, మీటరు దగ్గరో, బయటి సరఫరా లైనులోనో చూడాలి. ఫ్రిజ్ లేదా నీళ్ల మోటారు మొదలైన క్షణంలో మాత్రమే ఒకసారి మసకబారి వెంటనే కోలుకుంటే అది వోల్టేజీ తగ్గడం. స్విచ్ ఆపాక కూడా సన్నగా వెలుగుతున్నా, సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి టక్కున మెరుస్తున్నా అది పూర్తిగా వేరే కథ. ఇరవై నిమిషాలో అరగంటో బాగా వెలిగి, ఆరి, చల్లారాక మళ్లీ వెలిగితే వేడి కారణం. గోడ మీద తడితేనో తలుపు గట్టిగా వేస్తేనో మిణుకుమంటే లూజ్ కాంటాక్ట్ అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

విప్పే ముందు

లైట్ స్విచ్ ఆపితే ఆ బోర్డులో కరెంటు లేనట్టు కాదు. స్విచ్‌కు వచ్చే ఫేజ్ వైరు (కరెంటు తెచ్చే వైరు) ఎప్పుడూ లైవ్‌గానే ఉంటుంది. ఆ సర్క్యూట్ ఎంసీబీ దించాలి, ఏది దించాలో తెలియకపోతే మెయిన్ దించాలి, ఇంకెవరూ ఎత్తకుండా అక్కడ ఒక చీటీ అంటించాలి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ దించినా లైట్ల సర్క్యూట్‌కు ఇన్వర్టర్ కరెంటు ఇస్తూనే ఉంటుంది. దాని అవుట్‌పుట్‌ను విడిగా ఆపాలి. అనుభవం ఉన్నవాళ్లను కూడా ఎక్కువగా దెబ్బతీసేది ఈ ఒక్క విషయమే.

కరెంటు పోయిందని మల్టీమీటరుతో నిర్ధారించుకునే పద్ధతి మూడు మెట్లుగా ఉంటుంది: ముందు కచ్చితంగా కరెంటు ఉన్న సాకెట్‌లో మీటరు చూపిస్తోందా అని చూడాలి, తర్వాత పనిచేయబోయే చోట ఏమీ చూపడం లేదని చూడాలి, మళ్లీ మొదటి సాకెట్ దగ్గరకు వెళ్లి మీటరు ఇంకా పనిచేస్తోందని చూడాలి. మధ్యలో మీటరు బ్యాటరీ అయిపోతే "కరెంటు లేదు" అన్న తప్పుడు జవాబు వస్తుంది, దాన్ని నమ్మి చెయ్యి పెడితే ప్రాణం మీదకొస్తుంది. నియాన్ టెస్టర్ ఒక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు. అది వెలగకపోయినంత మాత్రాన వైరు చచ్చినట్టు కాదు. వెలిగినంత మాత్రాన పూర్తి ఫేజ్ ఉన్నట్టూ కాదు. వైరు రంగు కూడా సాక్ష్యం కాదు. పాత ఇళ్లలో చేతికి దొరికిన రంగు వైరు లాగి ఉంటారు.

విప్పకముందే ఫోనుతో ఫొటో తీసి, ప్రతి వైరుకూ చిన్న టేపు ముక్క చుట్టి అంకె వేసుకుంటే, బిగించేటప్పుడు ఆలోచించే పని ఉండదు. ఒకే లైటును రెండు చోట్ల నుంచి వేసే టూ వే స్విచ్‌ల విషయంలో ఇది మరీ ముఖ్యం.

లూజ్ కాంటాక్ట్: చిన్న మిణుకు వెనక పెద్ద ప్రమాదం

బోర్డు విప్పి వెనక్కి తిప్పితే, ఆరోగ్యంగా ఉన్న టెర్మినల్ దగ్గర రాగి రాగిలాగే మెరుస్తూ ఉంటుంది, వైరు తొడుగు స్క్రూ అంచు దాకా నున్నగా ఉంటుంది. తప్పున్న చోట రాగి మసకబారి గోధుమ నలుపుకు తిరుగుతుంది. తొడుగు చివర గట్టిపడి రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి ముడుచుకుపోతుంది. స్క్రూ తల నీలిరంగుకు మారుతుంది, చుట్టూ ఉన్న తెల్లటి ప్లాస్టిక్ పసుపు పడుతుంది. కొన్నిసార్లు బోర్డు విప్పకముందే ఒక చేపల వాసన వస్తుంది. అది వేడెక్కిన ప్లాస్టిక్ భాగాల వాసన. వంటిల్లు దగ్గర్లో లేని గదిలో ఆ వాసన వస్తే వెంటనే ఆ సర్క్యూట్ ఆపేయాలి.

లూజ్ జాయింట్ ఎంత వేడెక్కుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. జాయింటులో అర ఓమ్ నిరోధం ఉందనుకుంటే, 0.05 ఆంపియర్లు తీసుకునే ఎల్‌ఈడీకి అక్కడ పుట్టే వేడి వెయ్యో వంతు వాటు స్థాయిలోనే ఉంటుంది. అదే జాయింటు గుండా 10 ఆంపియర్ల హీటరు నడిస్తే 50 వాట్ల వేడి గోటంత స్థలంలో పుడుతుంది. లైటుకూ సాకెట్‌కూ ఒకే బోర్డులో ఒకే ఫేజ్ లూపు వెళ్లే ఇళ్లలో, లైటు మిణుకు ఆ సాకెట్ జాయింటు గురించి వచ్చిన ముందస్తు కబురు. ఎంసీబీ దీన్ని పట్టుకోదు. పరిమితికి మించి కరెంటు పారితేనే అది పడిపోతుంది. లూజ్ కాంటాక్ట్‌లో కరెంటు పెరగదు, కొంత తగ్గుతుంది కూడా. "ఎంసీబీ పడలేదు కదా, ఏం కాదులే" అనుకోవడం ఇక్కడ చాలా తప్పు.

ఏ స్క్రూ లూజు అన్నది కూడా తీరును బట్టి తెలుస్తుంది. బోర్డులో ఫేజ్ ఒక స్విచ్ నుంచి పక్క స్విచ్‌కు చిన్న వైరు ముక్కల లూపుగా వెళ్తుంది. మొదటి రెండు లైట్లు బాగుండి మూడోదాని నుంచి అన్నీ మిణుకుమంటుంటే, రెండో స్విచ్‌కూ మూడో స్విచ్‌కూ మధ్య ఉన్న లూపు రెండు చివరలూ చూడాలి. అయితే లూపు వెళ్లిన వరుస, బయటికి కనిపించే స్విచ్‌ల వరుస ఒకటే కాకపోవచ్చు. విప్పి చూసుకోవాల్సిందే. వేర్వేరు స్విచ్‌ల మీది లైట్లు కలిసి మిణుకుమంటూ, బోర్డులో ఫేజ్ లూపు అంతా గట్టిగా ఉంటే, చూపు న్యూట్రల్ వైపు తిప్పాలి. న్యూట్రల్ జాయింట్లు ఎక్కువగా జంక్షన్ బాక్సుల్లోనో సీలింగ్ పాయింట్ల దగ్గరో మెలేసి టేపు చుట్టి ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ టేపు జిగురు ఎండి, మెలిక వదులవుతుంది.

బాగుచేసేటప్పుడు ఉన్న స్క్రూను ఇంకాస్త తిప్పి వదిలేయడం సగం పనే. నల్లబడిన రాగి మీద స్క్రూ ఎంత బిగించినా మంచి కాంటాక్ట్ రాదు. మెరిసే రాగి వచ్చేదాకా వైరు కోసి, కొత్తగా 8 నుంచి 10 మిల్లీమీటర్లు తొడుగు తీయాలి. తీసేటప్పుడు పోగులు తెగకూడదు. ఏడు పోగుల్లో రెండు తెగితే మిగిలిన ఐదే మొత్తం భారం మోయాలి. పోగులను కలిపి మెలేసి, టెర్మినల్ రంధ్రం పెద్దదిగా ఉంటే మడిచి రెండు వరుసలుగా చేసి పెట్టాలి. తొడుగు స్క్రూ కిందకు పోకూడదు, బయట రాగి కనిపించకూడదు. బిగించాక వైరును వేలితో గట్టిగా లాగి చూడాలి. కదిలితే మళ్లీ చేయాలి. పోగుల చివరకు సోల్డరు వేసి స్క్రూ కింద పెట్టడం మంచి పనిలా కనిపిస్తుంది గానీ, ఒత్తిడికి సోల్డరు నెమ్మదిగా చదునై కొన్నాళ్లకు స్క్రూ వదులవుతుంది. దాని బదులు ఫెర్రూల్ (పోగుల చివర తొడిగే చిన్న లోహపు గొట్టం) వేసి నొక్కాలి. వైరు పొట్టిగా ఉంటే సాగదీసి బిగించకూడదు, కనెక్టర్ పెట్టి మరో ముక్క కలపాలి. అల్యూమినియం వైరును రాగి వైరుతో నేరుగా మెలేయడం అస్సలు కూడదు. ఆ రెండింటికీ తగినదని రాసి ఉన్న కనెక్టరే వాడాలి.

స్విచ్ లోపలి కాంటాక్టులు కూడా అరిగిపోతాయి. స్విచ్ వేసినప్పుడు సన్నని జివ్వుమనే శబ్దం, సగం నొక్కితే లైటు మిణుకుమనడం దానికి గుర్తులు. సరఫరా కరెంటును చిప్‌కు తగినట్టు మార్చే ఎల్‌ఈడీ డ్రైవర్‌లో దాదాపు ఎప్పుడూ చార్జిని నిల్వచేసే కెపాసిటర్ ఉంటుంది. స్విచ్ వేసిన మొదటి క్షణంలో అది నిండడానికి, మిల్లీసెకనులో కొంత భాగం పాటు, మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది. ఒకే స్విచ్ మీద పది పన్నెండు డౌన్‌లైట్లు పెట్టిన చోట మొత్తం వాట్లు తక్కువే అయినా ఈ తొలి తాకిడికి కాంటాక్టులు గుంటలు పడతాయి, ఒక్కోసారి అతుక్కుపోతాయి. ఆ లైట్లను రెండు మూడు స్విచ్‌లకు పంచడం, లేదా ఎక్కువ ఆంపియర్ల స్విచ్ వేయడం దీనికి విరుగుడు. పాడైన స్విచ్‌ను రాకి, శుభ్రం చేసి మళ్లీ పెట్టడంలో అర్థం లేదు.

హోల్డర్‌నూ మరవకూడదు. పిన్ హోల్డర్‌లో స్ప్రింగు మీద నిలబడే రెండు ఇత్తడి మొనలు వేడికి పట్టేసి లోపలే ఉండిపోతాయి, అప్పుడు బల్బుకు సగం సగం తగులుతాయి. మర హోల్డర్‌లో అడుగున ఉన్న రేకు అణిగిపోతుంది. ఎంసీబీ దించి, కరెంటు లేదని నిర్ధారించుకుని, ఆ రేకును రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేపితే చాలాసార్లు సరిపోతుంది. స్ప్రింగు మెత్తబడిన హోల్డర్‌ను మాత్రం మార్చేయడమే. మర హోల్డర్‌లో ఫేజ్ ఎప్పుడూ మధ్య రేకుకే రావాలి, చుట్టూ ఉండే మరకు న్యూట్రల్ రావాలి. తిరగబడితే బల్బు వెలుగుతుంది, కానీ మార్చేటప్పుడు వేలు తగిలే భాగం లైవ్‌గా ఉంటుంది.

స్విచ్ ఆపినా వెలుగు పోకపోతే

దీనికి మూడు ముఖ్య కారణాలున్నాయి. మొదట తేల్చుకోవాల్సింది ప్రమాదకరమైనది: స్విచ్ ఫేజ్‌ను కాకుండా న్యూట్రల్‌ను కోస్తోందా అన్నది. అలా ఉంటే స్విచ్ ఆపినా హోల్డర్‌కు పూర్తి ఫేజ్ వస్తూనే ఉంటుంది. బల్బు బాడీకి, ఫిటింగ్‌కు, భూమికి మధ్య ఉన్న అతి చిన్న కెపాసిటెన్స్ (చార్జిని నిల్వచేసే గుణం) ద్వారా కొద్ది కరెంటు పారి సన్నగా వెలుగుతుంది. వెలుగు కన్నా, స్విచ్ ఆపాను కదా అని హోల్డర్‌లో వేలు పెట్టేవాళ్లకు తగిలే షాకే ఇక్కడ అసలు సమస్య. పరీక్ష ఇలా: స్విచ్ ఆపి, బల్బు తీసేసి, హోల్డర్‌లోని ఒక్కో టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు పెట్టాలి. ఏదో ఒకదానిలో పూర్తి సరఫరా వోల్టేజీ నిలకడగా చూపిస్తే స్విచ్ న్యూట్రల్‌లో ఉన్నట్టే. అదే సర్క్యూట్‌లో ఉన్న సాకెట్‌లో కూడా ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటే ఆ మార్పు డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గరే జరిగిందన్నమాట, అక్కడే సరిచేయాలి. సాకెట్లు సరిగా ఉండి ఈ ఒక్క లైటే తిరగబడి ఉంటే దాని జంక్షన్ బాక్సులో చూడాలి.

రెండో కారణం స్విచ్‌లో వెలిగే చిన్న ఇండికేటర్. స్విచ్ ఆపినప్పుడు ఆ ఇండికేటర్ వెలగడానికి కావాల్సిన కరెంటు బల్బు గుండానే వెళ్తుంది. నియాన్ ఇండికేటర్‌కు ముందు 220 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే ఆ కరెంటు ముక్కాలు మిల్లీ ఆంపియరు దాకా ఉంటుంది. బల్బు డ్రైవర్‌లోని కెపాసిటర్ చుక్కచుక్కగా నీళ్లు పడే కుండలా ఆ కరెంటుతో నిండుతుంది. డ్రైవర్ మేల్కొనే వోల్టేజీ రాగానే మొత్తం ఖాళీ అయ్యి బల్బు ఒక్కసారి మెరుస్తుంది, మళ్లీ నిండడం మొదలవుతుంది. 4.7 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ 100 వోల్టుల దాకా నిండడానికి ఈ కరెంటుతో సుమారు అర సెకను నుంచి సెకను పడుతుంది. లయ తప్పకుండా వచ్చే మెరుపుల రహస్యం ఇదే. మోషన్ సెన్సర్లు, న్యూట్రల్ అక్కర్లేని స్మార్ట్ స్విచ్‌లు కూడా తమ బతుకుకు కావాల్సిన కరెంటును బల్బు గుండానే లాక్కుంటాయి కాబట్టి అక్కడా ఇదే జరుగుతుంది.

మూడోది వైరు నుంచి వైరుకు ప్రభావంతో వచ్చే వోల్టేజీ. ఒకే పైపులో ఫేజ్ వైరు, స్విచ్ నుంచి బల్బుకు వెళ్లే వైరు పక్కపక్కనే చాలా దూరం వెళ్తే ఆ రెండూ కలిసి ఒక కెపాసిటర్‌లా పనిచేస్తాయి. ఒక్కో మీటరు పొడవుకు సుమారు 100 పికోఫారడ్‌లు అనుకుంటే, 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర 20 మీటర్ల దూరానికి దాదాపు 0.14 మిల్లీ ఆంపియర్లు పారతాయి. చీకట్లో సన్నగా వెలగడానికి అది చాలు.

ఇక్కడ డిజిటల్ మల్టీమీటరు కంగారు పెడుతుంది. దాని లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు కాబట్టి, స్విచ్ ఆపి ఉన్న వైరులో 50, 80 వోల్టులు చూపిస్తుంది. అది ప్రభావంతో వచ్చిన వోల్టేజీనా, నిజంగా ఎక్కడి నుంచైనా సరఫరా తగులుతోందా అని తేల్చుకోవడానికి బల్బు స్థానంలో ఒక మామూలు ఫిలమెంటు బల్బు పెట్టి చూడాలి. దాంతో వోల్టేజీ సున్నాకు పడిపోతే ప్రభావం, బల్బు కాస్తయినా ఎర్రబడితే వైరింగ్‌లో తప్పు. తక్కువ నిరోధంతో కొలిచే మోడ్ ఉన్న మీటరైతే ఆ బల్బు అవసరం కూడా లేదు.

ఇండికేటర్ వల్ల వస్తున్న మెరుపుకు తేలికైన మందు ఇండికేటర్ లేని స్విచ్ వేయడం. స్విచ్ బోర్డులో న్యూట్రల్ ఉంటే ఇండికేటర్‌ను బల్బుతో సంబంధం లేకుండా విడిగా కలపవచ్చు. ఈ రెండూ కుదరని చోట, పొడవాటి వైర్ల ప్రభావం ఉన్న చోట, బల్బు దగ్గర ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఒక బైపాస్ కెపాసిటర్ పెడతారు. 0.1 మైక్రోఫారడ్, ఎక్స్2 తరగతి (నేరుగా మెయిన్స్ సరఫరా మీద పెట్టదగినది), 275 వోల్టుల ఏసీ అని రాసి ఉన్నదే కావాలి. 50 హెర్ట్జ్ దగ్గర దాని అడ్డు సుమారు 32 కిలో ఓమ్‌లు; ఒక మిల్లీ ఆంపియరు లీకేజీ వచ్చినా బల్బు మీద 32 వోల్టులకు మించి నిలవదు, డ్రైవర్ మేల్కోదు. డీసీ రేటింగ్ ఉన్న మామూలు కెపాసిటర్ పెడితే అది కాలిపోయే ప్రమాదం ఉంది. విడి కెపాసిటర్ కన్నా డిశ్చార్జి రెసిస్టర్‌తో సహా డబ్బీలో బిగించిన రెడీమేడ్ మాడ్యూల్ నయం. తరచూ జరిగే పొరపాటు దీన్ని స్విచ్ రెండు టెర్మినళ్ల మధ్య పెట్టడం. అలా పెడితే లీకేజీ తగ్గదు, పెరుగుతుంది. స్విచ్ న్యూట్రల్‌ను కోస్తున్న చోట కూడా ఈ కెపాసిటర్ పెట్టి వెలుగును ఆపేయవచ్చు, కానీ అలా చేయకూడదు. గుర్తు మాయమై ప్రమాదం మిగిలిపోతుంది.

మెట్ల దగ్గరి టూ వే స్విచ్‌లు

టూ వే స్విచ్‌కు మూడు టెర్మినళ్లు: ఒక కామన్, రెండు మారే టెర్మినళ్లు. ఒక స్విచ్ కామన్‌కు ఫేజ్ వస్తుంది, రెండో స్విచ్ కామన్ నుంచి బల్బుకు వైరు వెళ్తుంది, మిగతా రెండు జతలను రెండు వైర్లు కలుపుతాయి. "కింది స్విచ్ ఒక వైపు ఉంటేనే పై స్విచ్ పనిచేస్తోంది" అంటే ఏదో ఒక స్విచ్‌లో కామన్‌కు రావాల్సిన వైరు పక్క టెర్మినల్‌కు వెళ్లింది. స్విచ్ మార్చినప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే కామన్ కొన్ని స్విచ్‌లలో మధ్యలో ఉంటుంది, కొన్నింటిలో విడిగా ఒక పక్కన ఉంటుంది. పాతదాని స్థానాన్ని చూసి బిగించకూడదు. విప్పిన స్విచ్‌కు మల్టీమీటరును కంటిన్యుటీలో (దారి తెగకుండా ఉందో లేదో చెప్పే మోడ్‌లో) పెట్టి చూడాలి: ఒక స్థితిలో ఒక టెర్మినల్‌తోనూ, రెండో స్థితిలో రెండో టెర్మినల్‌తోనూ కలిసేదే కామన్.

కలిపే ఆ రెండు వైర్లలో, ఫేజ్ వచ్చే స్విచ్ ఎటు ఉన్నా, ఒకటి ఎప్పుడూ లైవ్‌గా ఉండి, రెండోదాని పక్కనే ఆ దూరమంతా సాగుతుంది. అందుకే ఆపినా సన్నగా వెలిగే ఫిర్యాదు మెట్ల లైట్ల నుంచే ఎక్కువగా వస్తుంది. బల్బు దగ్గర బైపాస్ మాడ్యూల్ దీనికి సరైన పరిష్కారం.

పాత ఇళ్లలో వైరు ఆదా చేయడానికి చేసిన మరో రకం కనెక్షన్ కనిపిస్తుంది. రెండు స్విచ్‌లకూ ఫేజ్, న్యూట్రల్ రెండూ ఇచ్చి, కామన్‌లను బల్బు రెండు చివరలకు కలుపుతారు. ఇందులో లైటు ఆరిపోయి ఉన్నప్పుడు కూడా ఒక స్థితిలో హోల్డర్ రెండు టెర్మినళ్లూ ఫేజ్‌లోనే ఉంటాయి. కనబడితే వదిలిపెట్టకుండా మార్పించాల్సిన వైరింగ్ ఇది. ఇంకో చిక్కు, ఫేజ్ కింది అంతస్తు సర్క్యూట్ నుంచి, న్యూట్రల్ పై అంతస్తు సర్క్యూట్ నుంచి తీసుకోవడం. ఆర్‌సీసీబీలు (వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేకపోతే పడిపోయే స్విచ్‌లు) విడివిడిగా ఉన్న ఇంట్లో ఆ లైటు వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోతుంది. పై అంతస్తు ఎంసీబీ దించి పనిచేస్తున్నా ఆ న్యూట్రల్‌ను విప్పితే షాక్ కొట్టే అవకాశం కూడా ఉంటుంది.

డిమ్మర్, ట్రాన్స్‌ఫార్మర్, వేడి

డిమ్మర్ (వెలుగును తగ్గించి పెంచే స్విచ్) మీద మిణుకుమంటే ముందుగా బల్బు పెట్టె మీద డిమ్మబుల్ అని ఉందో లేదో చూడాలి. లేకపోతే ఇంకేం వెతకనక్కర్లేదు. ఉన్నా మిణుకుమంటే డిమ్మర్ పాత రకానిది కావచ్చు. ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌తో పనిచేసే పాత డిమ్మర్లు 40 నుంచి 60 వాట్ల కనీస లోడు ఉంటేనే నిలకడగా నడుస్తాయి. 9 వాట్ల బల్బు తీసుకునే కరెంటుకు ట్రయాక్ తెరుచుకుని ఉండలేక మధ్యలో పడిపోతూ ఉంటుంది. ఒకే డిమ్మర్ మీద నాలుగైదు ఎల్‌ఈడీలు ఉంటే ఒకదాని స్థానంలో ఫిలమెంటు బల్బు పెట్టి చూడాలి. మిగతావన్నీ కుదురుకుంటే లోడు చాలలేదని తేలినట్టే. శాశ్వత పరిష్కారం ఎల్‌ఈడీ కోసం చేసిన ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మర్. అందులో కనీస వెలుగును సరిచేసే చిన్న స్క్రూ ఉంటే, మిణుకు ఆగేదాకా దాన్ని కాస్త పెంచాలి. ఫ్యాను రెగ్యులేటర్‌ను లైటుకు వాడకూడదు.

12 వోల్టుల హాలోజన్ తీసి ఎల్‌ఈడీ పెట్టిన చోట కూడా ఇదే కనీస లోడు చిక్కు వస్తుంది. అక్కడి ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎల్‌ఈడీ డ్రైవర్‌తో మార్చాలి. విడి డ్రైవర్ ఉన్న ప్యానెల్ లైటుకు డ్రైవర్ మార్చేటప్పుడు వాట్లు చూస్తే చాలదు. పాతదాని మీద రాసిన అవుట్‌పుట్ మిల్లీ ఆంపియర్లు అంతే ఉండాలి, ప్యానెల్‌కు కావాల్సిన వోల్టేజీ కొత్త డ్రైవర్ పరిధిలో ఉండాలి. 300 మిల్లీ ఆంపియర్ల ప్యానెల్‌కు 450 డ్రైవర్ పెడితే మొదట బాగా వెలిగి త్వరగా పోతుంది.

బల్బు తనంతట తాను పాడయ్యే దారులు ప్రధానంగా రెండు. డ్రైవర్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ వేడికి ఎండిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. లేదా వరుసగా కలిపిన చిప్‌లలో ఒకదాని లోపలి సన్నని తీగ విడిపోతుంది. వేడెక్కగానే విడిపోయి, చల్లారగానే తగులుకుని, మొత్తం బల్బు ఆరిపోతూ వెలుగుతూ ఉంటుంది. మూసి ఉన్న గాజు బుడ్డిలోనో బిగుతైన ఫిటింగ్‌లోనో పెట్టిన బల్బులు ముందు పోయేది ఇందుకే. అలాంటి చోట్ల మూసిన ఫిటింగ్‌లో వాడవచ్చని రాసి ఉన్నదే పెట్టాలి, వాట్లు కాస్త తక్కువ చూసుకోవాలి.

ఇల్లంతా మిణుకుమంటే

మోటారు మొదలైనప్పుడు వచ్చే మసకకు కారణం మోటారు ఆ క్షణంలో తన మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగడం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నిరోధం ఒక్కో మీటరు పొడవుకు సుమారు 12 మిల్లీ ఓమ్‌లు. 20 మీటర్ల దూరానికి పోనురానూ 40 మీటర్లు, అంటే దాదాపు అర ఓమ్. 30 ఆంపియర్ల తొలి తాకిడికి 14 వోల్టుల పైన పడిపోతుంది. లైటు, మోటారు ఒకే సర్క్యూట్‌లో ఉంటే మోటారుకు తగిన మందం వైరుతో విడి సర్క్యూట్ వేయడమే మార్గం. క్షణకాలం మసక ఒక్కటే అయితే కంగారు అక్కర్లేదు.

కంగారు పడాల్సింది ఇంకో తీరు చూసి. కొన్ని లైట్లు మసకబారుతుంటే అదే సమయంలో మరికొన్ని మామూలు కన్నా ఎక్కువగా వెలిగితే, సరఫరా న్యూట్రల్ ఎక్కడో విడిపోతోంది. త్రీ ఫేజ్ సరఫరాలో న్యూట్రల్ పూర్తిగా తెగితే తక్కువ లోడు ఉన్న ఫేజ్ మీది పరికరాలకు 230 బదులు 400 వోల్టుల దాకా వెళ్లవచ్చు. ఆ క్షణంలో చేయాల్సింది మెయిన్ దించడం, సరఫరా సంస్థకు చెప్పడం. కరెంటు మీటరుకు ముందున్న జాయింట్లను ఇంటివాళ్లు గానీ, మామూలు ఎలక్ట్రీషియన్ గానీ ముట్టుకోకూడదు. అక్కడ మెయిన్ దించినా కరెంటు ఉంటుంది.

కంటికి కనిపించని మిణుకు

వైరింగ్ అంతా బాగున్నా కొన్ని బల్బుల కింద కాసేపు చదివితే కళ్లు లాగుతాయి, తల నొప్పెడుతుంది. 50 హెర్ట్జ్ సరఫరాలో వెలుగు సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్‌లో 120 సార్లు పెరిగి తగ్గుతుంది. డ్రైవర్‌లో తగినంత కెపాసిటర్ ఉంటే ఆ హెచ్చుతగ్గులు దాదాపు తుడిచిపెట్టుకుపోతాయి; ఖర్చు తగ్గించడానికి దాన్ని చిన్నది చేసినా, తీసేసినా పూర్తిగా బయటపడతాయి. విద్యుత్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ వారి 1789-2015 ప్రమాణం 100 హెర్ట్జ్ దగ్గర ఈ హెచ్చుతగ్గు 8 శాతం లోపు ఉంటే ఇబ్బంది తక్కువని చెబుతుంది. ఇంట్లో పరీక్షించాలంటే, ఆ ఒక్క లైటు కింద పెన్ను పట్టుకుని వేగంగా అటూ ఇటూ ఊపాలి. పెన్ను ఒకటే మసక చారలా కనిపిస్తే మంచి బల్బు, విడివిడి పెన్నులుగా కనిపిస్తే కాదు. ఫోను కెమెరాలో కదిలే నల్లటి పట్టీలు కూడా అదే చెబుతాయి. దీనికి రిపేరు లేదు, బల్బు మార్చడమే. పిల్లలు చదువుకునే బల్ల దగ్గర ఈ పరీక్ష తప్పకుండా చేయాలి.

ఏ మరమ్మతు చేసినా, బోర్డు బిగించిన వెంటనే పని అయిపోయిందని అనుకోకూడదు. ఆ సర్క్యూట్ మీద మామూలుగా నడిచే లోడు అంతా వేసి, గంట తర్వాత బోర్డు పైపలకను చేతి వెనక భాగంతో తాకి చూడాలి. గోడ కన్నా వెచ్చగా ఉంటే లోపల ఇంకో జాయింటు మిగిలి ఉంది. ఎంసీబీ మళ్లీ దించి, పక్క స్క్రూ నుంచి మొదలుపెట్టాలి.